నాంపల్లిలో నీరెండ

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్న ఆరున్నర దాటాక రెండు రకాల మనుషులు కనిపిస్తారు. దట్టమైన చెట్ల నీడన తల వంచుకుని, అడుగులు లెక్కపెట్టే ఫోను మీద కళ్లు పెట్టి, గబగబా నడిచేవాళ్లు ఒక రకం. జూబ్లీ హాలు ముందు ఆకాశం విచ్చుకున్న చోట చేతులు వెనక్కి కట్టుకుని, ఏ పనీ లేనట్టు తూర్పుకేసి నిలబడేవాళ్లు రెండో రకం. వీళ్లలో తోటలోనే ఉన్న షాహీ మసీదులో ఫజర్ నమాజు ముగించుకుని వచ్చినవాళ్లు ఉంటారు, ఇంట్లో దోసెడు నీళ్లు సూర్యుడికి వదిలి వచ్చినవాళ్లూ ఉంటారు. కొవ్వు కరిగించే పనిలో మొదటి రకం వాళ్లదే పైచేయి, కాదనను. రాత్రి నిద్ర సంగతీ, మనసు తేలికపడే సంగతీ వస్తే మాత్రం నేను ఆ ఊరికే నిలబడ్డవాళ్ల పక్షం.

ఊరికే నిలబడటానికి వైద్యంలో ఒక పేరుంది: ఉదయపు వెలుగు చికిత్స. దాన్ని వైద్యంగా నిలబెట్టినవాళ్లలో ముఖ్యుడు నార్మన్ రోజెంథాల్. ఎండకు కరువులేని జొహానెస్‌బర్గ్ నుంచి అమెరికా వెళ్లి, అక్కడి చలికాలంలో తనకే మనసు కుంగిపోతుంటే కారణం వెతికిన మానసిక వైద్యుడు. 1984లో ఆయనా, సహచరులూ చలికాలపు కుంగుబాటుకు ఒక పేరు పెట్టి, ప్రకాశవంతమైన దీపాల ముందు రోగుల్ని కూర్చోబెట్టి ఫలితం చూపించారు. ఇప్పుడు వాడుకలో ఉన్న మోతాదు పొద్దున్నే 10,000 లక్సుల దీపం ముందు అరగంట. పరాయి దేశాల్లో ఆ దీపాన్ని డబ్బు పెట్టి కొనుక్కుంటారు. మనకు అది గుమ్మం బయట ఉంది.

ఉండి ఏం లాభం? హైదరాబాదులో ఎంత చలికాలమైనా పగలు 11 గంటలకు తగ్గదు. ఉత్తర నార్వేలోలాగా సూర్యుడు వారాల తరబడి మొహం చాటేసే బాధ లేదు. ఇక్కడి చీకటి మనం కట్టుకున్నది. ఆబిడ్స్‌లో చాలా షట్టర్లు లేచేసరికి పది దాటుతుంది. జగదీష్ మార్కెట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడు ఇరుకు సందులోంచి ఇంకా ఇరుకైన కొట్టులోకి దూరితే, మళ్లీ బయటికి వచ్చేసరికి వీధిదీపాలు వెలిగి ఉంటాయి. ట్యూబులైట్ల కింద మామూలు గదిలో ఉండేది నూరు నుంచి మూడు నాలుగు వందల లక్సులు. మబ్బు పట్టిన రోజున కూడా బయట వేలల్లో ఉంటుంది, నడినెత్తి ఎండలో లక్ష తాకుతుంది. కళ్లు గదికి సర్దుకుపోతాయి కాబట్టి తేడా మనకు తెలియదు. ఏటా మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ ప్రదర్శన సాగినన్నాళ్లు స్టాళ్లవాళ్ల పరిస్థితి మరీ అన్యాయం. అర్ధరాత్రి దాకా కళ్లు జిగేలుమనే దీపాలు, మర్నాడు మధ్యాహ్నం దాకా కర్టెన్లు వేసిన గది. 1938లో ఆ నుమాయిష్ మొదలైంది ఈ పబ్లిక్ గార్డెన్స్‌లోనే అన్నది వేరే ముచ్చట.

వెలుగు లోపల ఏం చేస్తుందో చెప్పాలంటే మొజంజాహీ మార్కెట్ గడియారాన్ని తలుచుకోవాలి. దాన్ని ఎవరో ఒకరు సరిచేస్తూ ఉండకపోతే టైము తప్పుతుంది. మన తలలోనూ అలాంటిదొకటి ఉంది. రెండు కళ్ల నరాలూ కలిసే చోటికి కాస్త పైన, సుమారు 20,000 నాడీకణాల చిన్న గుంపు. చాలామందిలో ఇది 24 గంటల కంటే పది నిమిషాలో పావుగంటో ఎక్కువ తీసుకుని ఒక చుట్టు తిరుగుతుంది. వదిలేస్తే రోజూ ఆ కాస్త వెనకబడుతుంది. పొద్దుటి వెలుగు దాన్ని ముందుకు జరుపుతుంది, రాత్రి వెలుగు ఇంకా వెనక్కి తోస్తుంది. ముందుకు జరిగిన గడియారం రాత్రి వేళకు మెలటోనిన్ విడుదల చేయిస్తుంది, నిద్ర కమ్ముకొస్తుంది. అంటే రాత్రి పదిన్నరకు పట్టాల్సిన నిద్రకు విత్తనం పడేది పొద్దున్న ఏడింటికి.

ఈ కబురు గడియారానికి చేర్చేది చూపునిచ్చే కణాలు ఒక్కటే కావు. కంటి వెనుక పొరలో మెలనాప్సిన్ అనే పదార్థం ఉన్న ప్రత్యేక కణాలున్నాయి. 2002లో డేవిడ్ బెర్సన్ బృందం అవి తమంతట తామే వెలుగుకు స్పందిస్తాయని చూపించింది. చూపు పూర్తిగా పోయిన కొందరిలోనూ ఈ దారి పనిచేస్తూనే ఉంటుంది. ఈ కణాలకు బాగా రుచించేది నీలికాంతి, అదీ పైనుంచి పడే కాంతి. కాబట్టి ఔషధం సూర్యబింబం కాదు, ఆకాశం. బింబాన్ని కళ్లార్పకుండా చూడమనే సాధనలు ఈమధ్య ఫోన్లలో తెగ తిరుగుతున్నాయి. రెటీనాకు నొప్పి తెలియదు, కాలిపోతున్నా చెప్పదు. ఆ జోలికి పోవద్దు.

తెలుగువాళ్లకు వెలుగు వైద్యం కొత్తది కాదు. జర్మనీకి చెందిన లూయీ కూనే రాసిన ప్రకృతి చికిత్స గ్రంథాన్ని ద్రోణంరాజు వెంకటచలపతి శర్మ 1894లోనే తెలుగులోకి తెచ్చారు. మన దేశంలో ప్రకృతి చికిత్స ఉద్యమానికి ఊపు వచ్చింది ఆ అనువాదంతోనే అంటారు. సూర్యస్నానం, ఒళ్లంతా అరిటాకులు చుట్టి ఎండలో పడుకోబెట్టడం ఆ వైద్యుల పద్ధతులు. అదంతా చర్మం దారి: చెమట పట్టాలి, మలినం పోవాలి. చర్మం మీద వెలుగు నిజంగా వైద్యం చేసే చోటు చూడాలంటే పక్కనే రెడ్‌హిల్స్‌లో నీలోఫర్ ఆసుపత్రి ఉంది. కామెర్లు వచ్చిన పసికందుల్ని నీలి దీపాల కింద పడుకోబెడతారు. చర్మంలోని పసుపు పదార్థాన్ని ఆ కాంతి ఒంట్లోంచి బయటికి పోగలిగే రూపంలోకి మారుస్తుంది. 1950లలో ఇంగ్లండులో ఒక నర్సు పిల్లల్ని ఎండలోకి తీసుకెళ్తుంటే బయటపడ్డ సంగతి అది. ఆ దీపాల కింద పాపాయి కళ్లకు గంతలు కడతారు. నిద్రకూ మనసుకూ చేసే చికిత్సలో కళ్లే గుమ్మం.

చర్మం దారినీ కంటి దారినీ కలిపేయడం వల్ల ఇంకో పొరపాటు జరుగుతోంది. డి విటమిన్ కోసమని ఆరున్నరకే ఎండలో నిలబడతారు. విటమిన్‌ను తయారుచేసే అతినీలలోహిత కిరణాలు ఆ వేళకు నేల దాకా దాదాపు రావు. అది మధ్యాహ్నపు ఎండ పని. లేత ఎండ మరో పనికి.

ఇక పద్ధతి. లేచిన గంటలోపు బయటికి రావాలి, ఆకాశం కనిపించే చోటికి. తెల్లటి ఎండ ఉంటే ఇరవై ముప్పై నిమిషాలు, ముసురు పట్టిన ఆషాఢమైతే ముప్పావుగంటో గంటో. నల్లకళ్లద్దాలు, కళ్ల మీదికి దిగిన టోపీ తీసేయాలి. మామూలు కళ్లజోడుతో ఇబ్బంది లేదు. బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకున్నా ఫరవాలేదు, పైనుంచి వెలుగు పడుతుంటే చాలు. కిటికీ వెనక కూర్చుంటే మాత్రం బయటి వెలుగులో చిన్న వంతే దక్కుతుంది. నడవాలా అంటే నడవండి, వెలుగు పనికి నడక షరతు కాదు. సాయంత్రం పద్ధతి ఇంకా కష్టం: నిద్రకు రెండు గంటల ముందు నుంచి ఇంటి దీపాలు తగ్గించడం. పొద్దున్న కష్టపడి ముందుకు జరిపిన ముల్లును రాత్రి ఫోనుతో వెనక్కి తిప్పేవాళ్లే ఎక్కువ.

నుమాయిష్ స్టాలు కుర్రాడు ఇది విని మర్నాడే ఐదున్నరకు అలారం పెట్టుకుంటే దెబ్బతింటాడు. మూడింటికి పడుకుని పదకొండుకు లేచేవాడి గడియారానికి ఆరు గంటలంటే ఇంకా నడిరాత్రి. ఆ వేళ పడ్డ వెలుగు ముల్లును వెనక్కే తోస్తుంది. అతను ముందు పదకొండుకే బయటికి రావాలి, తర్వాత రెండు మూడు రోజులకోసారి అరగంట చొప్పున లేచే వేళను ముందుకు లాక్కోవాలి.

మన ఆచారాల్లో నాకు ఎక్కువ మురిపెం రథసప్తమి మీద. జిల్లేడాకులు, రేగుపళ్లు తలమీదా భుజాలమీదా పెట్టుకుని స్నానం చేయడం అందరికీ గుర్తుంటుంది. నేను గుర్తుచేసుకునేది పొయ్యిని. ఆ రోజు పరమాన్నం వంటింట్లో వండరు. తులసికోట దగ్గర ఎండ పడే చోట పిడకలు రాజేసి, పాలు పొంగించి, బియ్యం ఉడికేదాకా అక్కడే కూర్చుని, చిక్కుడాకుల్లో పెట్టి నివేదిస్తారు. పిడకల సెగ మీద అన్నం ఉడకడానికి పట్టేంత సేపూ ఇంటి ఆడవాళ్లు ఆరుబయటే, లేత వెలుగులోనే. మిగతా ఏడాదంతా పొగ నిండిన వంటింట్లో తెల్లవారే మనిషికి అది ఎంత పెద్ద మార్పో! కల్లాపి, ముగ్గు, అర్ఘ్యం, పన్నెండు చుట్ల సూర్యనమస్కారాలు అన్నీ ఈ బాపతే. వేళ తప్పితే ఇవేవీ కుదరవు, బయటికి రాకుండా చాలావరకు సాగవు. అర్ఘ్యపు నీటిధారలోంచి ఏడు రంగులు విడివడి కంట్లోకి వెళ్తాయన్న వివరణకు మాత్రం ఆధారం లేదు, దాని అవసరమూ లేదు.

తూర్పు వాకిలి ఇంటికి రేటెక్కువ పలికే ఊరు మనది. వాస్తు సంగతి నేనెత్తను గానీ, మిలాన్‌లో ఒక ఆసుపత్రి లెక్కలు 2001లో అచ్చయ్యాయి. బైపోలార్ కుంగుబాటుతో చేరినవాళ్లలో తూర్పు గదులు దొరికినవాళ్లు పడమటి గదులవాళ్ల కంటే సగటున మూడున్నర రోజులకు పైగా ముందే ఇంటికి వెళ్లారు. కెనడాలో రేమండ్ లామ్ బృందం 122 మంది మీద ఎనిమిది వారాలు చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం చలికాలంతో నిమిత్తం లేని కుంగుబాటుకూ పొద్దుటి వెలుగు పనిచేస్తుందని చూపింది. వెలుగు, మందు కలిసినప్పుడు ఫలితం ఇంకా బాగుంది. కనుక మందు మానేసి తోటకు వెళ్లమని ఎవరైనా చెబితే వినొద్దు. బైపోలార్ ఉన్నవాళ్లలో వెలుగు ఎక్కువైతే మనసు అటు చివరికి ఎగిరిపోయే ప్రమాదం ఉంది. వాళ్లూ, రెటీనా జబ్బులున్నవాళ్లూ డాక్టరును అడిగాకే మొదలుపెట్టాలి.

జూబ్లీ హాలు ముందు ఎనిమిదింటికల్లా ఎండ చురుక్కుమంటుంది. నిలబడ్డవాళ్లు ఒక్కొక్కరే గేటు దాటి ఇరానీ చాయ్ వైపు కదులుతారు. ఆబిడ్స్‌లో అప్పటికింకా షట్టర్లు లేచి ఉండవు.