నిరుద్యోగ యవ్వనం, కవుల రాజకీయం: 1965–70

తెలుగులో విప్లవ కవిత్వ ఆవిర్భావాన్ని నక్సల్బరీ, శ్రీకాకుళ పోరాటాలతో ముడిపెట్టి వివరించడం విమర్శలో స్థిరపడిన పద్ధతి. అది తప్పు కాదు, అసంపూర్ణం. దిగంబర కవుల తొలి సంపుటి 1965లో, రెండవది 1966లో వెలువడ్డాయి. నక్సల్బరీ 1967 నాటిది. అంటే సిద్ధాంతం కంటే ముందే ఆగ్రహం ఉంది.

ఆ ఆగ్రహానికి నేపథ్యాన్ని ఆ తరం ఇరవైల వయసు గడిచిన ఆర్థిక స్థితిలో వెతకాలి. 1965–67 మధ్య కరువు, 1966 జూన్‌లో 36.5 శాతం రూపాయి విలువ తగ్గింపు, ఆపై మూడేళ్లు పంచవర్ష ప్రణాళికకే విరామం. కళాశాలలు పెరిగాయి, కొలువులు పెరగలేదు. తొలియవ్వనపు అనుభవమే తర్వాతి అనుభవాలన్నిటికీ కొలమానమవుతుందని కార్ల్ మాన్‌హైమ్ 1928లోనే ప్రతిపాదించాడు. దిగంబర సంపుటాలను వరుసగా రిక్షా కార్మికుడు, హోటలు పనివాడు, యాచకురాలు ఆవిష్కరించారు. ఆ ఎంపికను మనం సంచలనంగా చూసి వదిలేశాం. చదువుకున్న యువకులు తాము ఏ వరుసలో నిలబడ్డారో ప్రకటించుకున్న తీరు అదని నా అభిప్రాయం.

అయితే వరంగల్లు ఈ వాదాన్ని అంత సులువుగా సాగనివ్వదు. 1969లో కొత్తగూడెం థర్మల్ విద్యుత్ కేంద్రం ఉద్యోగాలపై మొదలైన నిరసన ఇక్కడి విద్యార్థులనూ వీధుల్లోకి తెచ్చింది. వారు అడిగింది ముల్కీ హక్కు. అదే ఊళ్లో, 1966 నుంచి హనుమకొండలో వెలువడుతున్న ‘సృజన’ చుట్టూ చేరినవారు, తిరుగుబాటు కవులు వేరే దారి పట్టారు. వయసు ఒకటే, కొలువు లేమీ ఒకటే. దిగంబరుల్లోనూ నలుగురు విరసంలో చేరారు. భైరవయ్య, మహాస్వప్న చేరలేదు. కాబట్టి లేమి మనిషిని కదిలిస్తుంది తప్ప దిక్కు చూపదు. ఆ వయసులో చేతికందిన పత్రిక, దగ్గరైన సంఘం, పలకరించిన పెద్దవాడు ఆ పని చేస్తారు. 1970 జూలై 4న విరసం అధ్యక్షుడైన శ్రీశ్రీకి అప్పుడు అరవై ఏళ్లు. ఆయన ఇరవైలు 1930ల ఆర్థికమాంద్యంలో గడిచాయి. ఆ కలయికను కేవలం సిద్ధాంత సామ్యంగా చదవలేం.

గ్రూప్–1 ప్రిలిమ్స్ 2022లో ఒకసారి, 2023లో మరోసారి జరిగి రెండుసార్లూ రద్దయ్యాయి. ఆ పరీక్షలు రాసినవారు నా తరగతిలో ఉన్నారు. కొందరు కవితలు చూపించారు. వాటిలో ప్రభుత్వం మీదకంటే తమ మీద తమకే కోపం ఎక్కువ. క్రమం తప్పక చదివే పత్రిక ఏదని అడిగితే కోచింగ్ సెంటర్ వారి కరెంట్ అఫైర్స్ మాసపత్రిక పేరు చెప్పారు.