పి.వి. నరసింహారావు: రెండు తూనికలు

హైటెక్ సిటీ ఎవరి చలవ అన్న చర్చ వచ్చినప్పుడల్లా చాలాకాలం వినిపించిన పేరు చంద్రబాబునాయుడుది. మాదాపూరులో సైబర్ టవర్స్‌ను 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి ప్రారంభించేనాటికి పి.వి. నరసింహారావు పదవి దిగి రెండున్నరేళ్ళయింది. ఆ ఏడు జరిగిన లోక్‌సభ ఎన్నికలలో సొంత పార్టీ ఆయనకు టిక్కెట్టు సైతం ఇవ్వలేదు. తర్వాతి కాలంలో గాలి మారింది. 1991 లేనిదే సైబరాబాదు లేదన్న మాట ఇప్పుడు దాదాపు సామెతగా స్థిరపడింది. 2020లో శతజయంతి సంవత్సరం మొదలైనప్పుడు ఆయనకు భారతరత్న ఇవ్వాలని తెలంగాణ శాసనసభ తీర్మానించింది. ఆ తీర్మానానికి మజ్లిస్ మద్దతివ్వలేదు. 2024 ఫిబ్రవరి 9న ఆ బిరుదు ప్రకటితమైంది. అయోధ్యలో మందిర ప్రతిష్ఠ జరిగి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. మూసీకి దక్షిణాన ఈ రెండు వార్తలను విడివిడిగా చదివినవారు తక్కువ.

ఒకే నగరం ఒకే మనిషిని రెండు తూనికలతో తూస్తున్నది. ఇది రాజకీయ సభల వరకే ఉంటే విమర్శకుడు పట్టించుకోనక్కరలేదు. ఆయనపై వచ్చిన గ్రంథాలలోనూ ఇదే చీలిక ఉన్నది. ఆర్థిక సంస్కరణలను గురించి రాసినవారికి 1992 డిసెంబరు 6 ఒక దురదృష్టకరమైన అపశ్రుతి. అయోధ్యను గురించి రాసినవారికి 1991 జులై అప్రస్తుతం. ఈ రెండు సంఘటనల మధ్య గడిచినది పదహారు పదిహేడు నెలలే. రెండుచోట్లా నిర్ణయం చేసినది ఒకే బుద్ధి. ఒకదానిని రెండవదాని పక్కన పెట్టి చూస్తే తప్ప ఆ బుద్ధి స్వభావం తెలియదు.

మొదట సైబరాబాదు వారి లెక్కను పరిశీలించాలి. అది అబద్ధం కాదు గాని కొంత పెంచిన లెక్క. సాఫ్ట్‌వేర్ పరిశ్రమ లైసెన్సుల సంకెళ్ళలో ఉక్కు, సిమెంటుల మాదిరిగా ఎన్నడూ చిక్కుకోలేదు. దానికి దారి తీసిన విధానం రాజీవ్ గాంధీ కాలంలో 1986లోనే వచ్చింది. పి.వి. హయాంలో సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కులు విస్తరించాయి, 1994 టెలికాం విధానం వచ్చింది, విదేశీ పెట్టుబడికి తలుపులు తెరుచుకున్నాయి. ఆపైన కావలసిన భూములు, రోడ్లు, ఇంజనీరింగు కళాశాలలు రాష్ట్ర ప్రభుత్వాల చలవ. ఆయనకు దక్కవలసిన గౌరవం దక్కాలి; గచ్చిబౌలిలోని ప్రతి అద్దాల మేడకు ఆయనను మేస్త్రీని చేయనక్కరలేదు.

ఆ మేడల కింది నేలకూ ఒక చరిత్ర ఉన్నది. మణికొండ జాగీరులో 1654 ఎకరాలు హజ్రత్ హుస్సేన్ షా వలీ దర్గా వక్ఫు భూములని వక్ఫు బోర్డు వాదించింది; వాటిలో కొంత భాగాన్ని ప్రభుత్వాలు పెద్ద సంస్థలకు కేటాయించాయి. ఆ భూములు రాష్ట్ర ప్రభుత్వానివేనని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేటాయింపులతో పి.వి.కి సంబంధం లేదు. అయినా ఇది ఆయన లెక్కలోనే ఒక విచిత్రమైన పద్దు. వక్ఫు ట్రిబ్యునళ్ళను ఏర్పరచిన 1995 వక్ఫు చట్టాన్ని చేసినది ఆయన ప్రభుత్వమే. జాతీయ మైనారిటీల కమిషనుకు 1992లో చట్టబద్ధత కల్పించినదీ ఆ ప్రభుత్వమే. ఆయనను తూర్పారబట్టే ముస్లిము రచయితలు ఈ రెండింటినీ సాధారణంగా మరచిపోతారు. మరచిపోవడం న్యాయం కాదు.

ఇక అసలు విషయం. పి.వి. మరణానంతరం 2006లో వెలువడిన అయోధ్య గ్రంథం ఆయన ఆత్మరక్షణ. న్యాయవాది రాసిన పుస్తకమది: పత్రాలు, తేదీలు, ప్రమాణపత్రాలు వరుసగా అమర్చి ఉంటాయి. వాదం స్థూలంగా ఇది: ఉత్తరప్రదేశ్‌లో ఎన్నికైన ప్రభుత్వం ఉన్నది, కట్టడాన్ని కాపాడతామని అది సుప్రీంకోర్టుకు హామీ ఇచ్చింది, కోర్టు ఆ హామీని స్వీకరించింది, రాష్ట్రపతి పాలన వద్దని గవర్నరు డిసెంబరు 1న రాశారు, ఇటువంటప్పుడు 356వ అధికరణాన్ని ప్రయోగించడం రాజ్యాంగ విరుద్ధమయ్యేది. ఆ గవర్నరు సత్యనారాయణరెడ్డి కూడా తెలంగాణ వారే కావడం యాదృచ్ఛికం. కట్టడం కూలిన తరువాత సొంత పార్టీవారే తనను బలిపశువును చేశారన్న బాధ ఆ పుస్తకమంతటా కనిపిస్తుంది. ఆ బాధ అకారణమైనది కాదు. 2004 డిసెంబరులో ఆయన భౌతికకాయానికి ఢిల్లీలోని పార్టీ కార్యాలయం గేటు తెరుచుకోలేదు. అంత్యక్రియలు హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగాయి.

అయితే తన వ్యాజ్యంలో తానే సాక్షి అయినవాని మాటను ఎట్లా తూచాలి? ఉల్లేఖకులను పరీక్షించే శాస్త్రంలో హదీసు పండితులు రెండు గుణాలను వేరువేరుగా చూస్తారు: నిజాయితీ ఒకటి, గ్రహణంలో, జ్ఞాపకంలో కచ్చితత్వం మరొకటి. పి.వి. చూపిన పత్రాలను శంకించనక్కరలేదు. శంకించవలసినది వాటినుండి ఆయన తీసిన ముగింపును. రాష్ట్రపతి పాలనకు గవర్నరు నివేదిక ఒక మార్గం మాత్రమే. నివేదిక లేకున్నా మరో విధంగా తృప్తి చెందినపుడు రాష్ట్రపతి చర్య తీసుకోవచ్చునని 356వ అధికరణమే చెబుతున్నది. ఆనాటి హోం కార్యదర్శి మాధవ్ గోడ్బోలే తరువాత రాసిన పుస్తకాల ప్రకారం, కేంద్ర బలగాలతో కట్టడాన్ని స్వాధీనంలోకి తీసుకునే పథకాన్ని హోం శాఖ నవంబరులోనే సిద్ధం చేసి ఇచ్చింది. ఏ చర్య తీసుకున్నా వెనక నిలబడతామని జాతీయ సమైక్యతా మండలి నవంబరు 23న ప్రధానికి అధికారమిచ్చింది. దారులన్నీ మూసుకుపోయినవని చెప్పడం కుదరదు.

1991 జులైని అయోధ్య గ్రంథం పక్కన పెట్టి చదవవలసినది ఇక్కడే. అప్పుడు ఆయన ప్రభుత్వానికి మెజారిటీ లేదు. సంస్కరణలు తెస్తామని ప్రజల ముందు స్పష్టంగా చెప్పి గెలిచినదీ కాదు. రూపాయి విలువను జులై 1న, 3న రెండు విడతలుగా తగ్గించారు. విశ్వాస పరీక్షను నెగ్గినది జులై 15న. దాదాపు 47 టన్నుల బంగారాన్ని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండుకు తరలించారు. జులై 24న బడ్జెటు ఆర్భాటం మధ్య, తన చేతిలోనే ఉంచుకున్న పరిశ్రమల శాఖ నుండి ఒక విధాన ప్రకటనను సభ ముందుంచి, పద్దెనిమిది పరిశ్రమలకు తప్ప మిగిలినవాటికి లైసెన్సు అవసరం లేకుండా చేశారు. పరిశ్రమల చట్టాన్ని రద్దు చేయలేదు. ఆ చట్టం ఇచ్చిన అధికారాన్నే తిరగవేసి వాడుకున్నారు. నెహ్రూ పేరు చెప్పి నెహ్రూ విధానాన్ని మార్చారు. నిబంధనల అడవిలో దారి వెదికి తీయడంలో ఆయనంతటి నేర్పరి ఆ తరంలో మరొకరు లేరు. అటువంటివానికి పదహారు నెలల తరువాత ఒక్క అధికరణంలోని ఒక్క మాట కనబడలేదంటే నమ్మడమెట్లా?

తేడా నేర్పులో లేదు. నష్టం ఎవరి మీద పడుతుందన్న అంచనాలో ఉన్నది. 1991లో ఆలస్యం చేస్తే దివాలా తీసేది ప్రభుత్వం. 1992లో ఆలస్యం చేస్తే నష్టపోయేది ఇతరులు. ముంబయిలో 1992 డిసెంబరు, 1993 జనవరి నెలల అల్లర్లలో అధికారిక లెక్క ప్రకారమే 900 మంది చనిపోయారు. వినయ్ సీతాపతి 2016లో ప్రచురించిన 'హాఫ్ లయన్' ఆయన సొంత కాగితాలను చదివి రాసిన మంచి జీవిత చరిత్ర. కుట్ర లేదు, అంచనాలో పొరపాటు ఉన్నదని ఆ రచయిత చెప్పడం నిజాయితీగానే ఉన్నది. కాని పొరపాటు అన్న మాటతో ఆగిపోతే చాలదు. ఏ వైపు పొరబడితే తనకు తక్కువ ప్రమాదమో తెలిసి పొరబడడం వేరు.

అవతలి పక్షపు లెక్కకూ ఇదే పరీక్ష పెట్టాలి. కూల్చివేత సాగుతున్నంతసేపూ ప్రధాని పూజలో కూర్చున్నారని, పని పూర్తయిందని చెవిలో చెప్పాకనే లేచారని ఒక కథ ముస్లిము ఇళ్ళలో సైతం నిత్యం వినిపిస్తుంది. 2012లో కులదీప్ నయ్యర్ దానిని తన ఆత్మకథలో రాశారు. నయ్యర్ ఆ గదిలో లేరు. మధు లిమాయే చెప్పగా విన్నానన్నారు. లిమాయే 1995లోనే మరణించారు. కుటుంబం ఈ కథను ఖండించింది. ఇటువంటి గొలుసుతో వచ్చిన ఉల్లేఖనాన్ని ధార్మిక విషయాలలో స్వీకరించని సమాజం, రాజకీయ విషయాలలో మాత్రం కళ్ళకద్దుకోవడం తగదు. ద్వేషం ఉన్నచోటనే న్యాయాన్ని మరింత జాగ్రత్తగా పాటించవలసి ఉన్నది. పదిహేడేళ్ళు సాగిన లిబర్‌హాన్ కమిషను 2009లో ఇచ్చిన నివేదిక కూడా ఆయన మీద కుట్ర మోపలేదు. నేరం మోపడానికి నిర్ధారితమైన విషయాలే చాలినన్ని ఉన్నప్పుడు కట్టుకథ తెచ్చుకోవడం ప్రతివాదికే మేలు చేస్తుంది.

నిర్ధారితమైనవి ఏవంటే, డిసెంబరు 6 తరువాత జరిగినవి. మస్జిదును తిరిగి కట్టిస్తామని ఆయన బహిరంగంగా చెప్పారు, అది జరగలేదు. డిసెంబరు 10న ఆర్.ఎస్.ఎస్., విశ్వహిందూ పరిషత్తు, బజరంగ్ దళ్‌లతో పాటు జమాఅతె ఇస్లామీ హింద్‌ను నిషేధించారు. కూల్చినవారిని, కూలినందుకు దుఃఖించినవారిని ఒకే త్రాసులో వేయడాన్ని ఆనాడు సమతౌల్యమన్నారు. ఆర్.ఎస్.ఎస్. మీది నిషేధం 1993లోనే ట్రిబ్యునలు ముందు వీగిపోయింది. జమాఅత్ మాత్రం సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1994 డిసెంబరు 7న గాని విముక్తి పొందలేదు. 1993 జనవరిలో ఆ స్థలాన్ని కేంద్రం స్వాధీనపరచుకుంది. తాత్కాలిక మందిరంలో పూజ కొనసాగింది. రాజ్యాంగం చేతులు కట్టివేసిందని వాదించేందుకు ఈ దశలో ఏ రాష్ట్ర ప్రభుత్వమూ అడ్డుగా లేదు. ఆయన పుస్తకం బలహీనపడేదీ ఈ దశ దగ్గరే.

ఈ మనిషి ఇట్లా ఎందుకయ్యారన్నదానికి ఆయన నవల 'ఇన్‌సైడర్' (1998) కొంత వెలుగునిస్తుంది. అఫ్రోజాబాద్ అనే కల్పిత సంస్థానం పేరుతో నిజాం రాజ్యాన్నీ, ఆ తరువాతి రాష్ట్ర రాజకీయాలనూ చిత్రించిన కథ అది. నవల అయోధ్య కాలం దాకా రాదు. కాని అందులోని ఆనంద్ నేర్చుకున్న పాఠం పాఠకునికి తెలిసిపోతుంది. ముఖ్యమంత్రిగా పి.వి. భూసంస్కరణలకు తెగించారు, ముల్కీ నిబంధనల తీర్పును స్వాగతించారు, జై ఆంధ్ర ఉద్యమం వచ్చి 1973 జనవరిలో పదవి పోయింది. వంగరలో పెరిగి, ఉర్దూ పారశీకాలు నేర్చి, దక్కను సంస్కృతిని అంత దగ్గరగా ఎరిగిన మనిషి నుండి ఈ నగరపు ముస్లిములు ఎక్కువ ఆశించారు. ఆ ఆశాభంగమే కోపంగా మారిందనిపిస్తుంది. పరాయివాడు చేస్తే అంత బాధ ఉండేది కాదు.

ఈ గ్రంథాలలో ఏదీ తగినంత విస్తృతంగా చర్చించని విషయం ఒకటి మిగిలింది. 1991లోనే పి.వి. ప్రభుత్వం ప్రార్థనా స్థలాల చట్టం చేసింది. 1947 ఆగస్టు 15న ఏ ప్రార్థనా స్థలం ఏ మతానిదో ఆ స్వభావం మారరాదన్నది దాని సారాంశం; అయోధ్య ఒక్కదానిని మినహాయించారు. 2019 నవంబరు 9న ఆ స్థలాన్ని మందిరానికి అప్పగించిన తీర్పులోనే సుప్రీంకోర్టు ఈ చట్టాన్ని కొనియాడింది; మస్జిదు కూల్చివేత చట్టబద్ధ పాలనకు తీవ్రమైన ఉల్లంఘన అన్నది. ఆపైన కాశీ, మథుర దావాలు వచ్చాయి. చట్టం చెల్లుబాటు మీద విచారణ తేలేవరకు ఇటువంటి కొత్త దావాలను నమోదు చేయరాదని 2024 డిసెంబరు 12న అదే కోర్టు ఆదేశించింది. ఆనాడు కోర్టులో ఆ చట్టాన్ని కాపాడమని నిలబడినవారిలో ముస్లిము సంస్థలు ముందున్నాయి. ఆ ఏడే ఆయనకు భారతరత్న వచ్చినప్పుడు వెలువడిన ప్రశంసలలో మాత్రం 1991 అనగానే లైసెన్సుల రద్దే తప్ప ఈ చట్టం ఊసు అంతగా వినిపించలేదు.