దుంపలో గ్రాముల లెక్క

పచ్చి బంగాళాదుంపలో మాంసకృత్తులు నూటికి రెండు పాళ్లు, కందిపప్పులో దాదాపు ఇరవై రెండు. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి, దుంపలో మాంసకృత్తులు పెంచాలనుకోవడమే దండగ అనేవాళ్లున్నారు. వాళ్ల మాటలో సగం నిజముంది. పావుకిలో దుంపలో దక్కేది ఐదు గ్రాములు. 60 శాతం పెరిగినా ఎనిమిదే. ఆ మూడు గ్రాములు పెద్ద చెంచాడు పప్పులో దొరుకుతాయి. కానీ పప్పు కొనలేక పూటపూటా దుంపతోనే కడుపు నింపుకునే ఇంట్లో అవి పైసా ఖర్చు లేకుండా వచ్చిపడతాయి. పైగా బియ్యం, గోధుమల్లో కొరతపడే లైసిన్ దుంపలో దండిగా ఉంటుంది. అందుకే ఈ పని అవసరమేనంటాను.

నా పేచీ ఆ శాతంతోనే. రెండు రకాలను సంకరం చేస్తే బంగాళాదుంప మొక్కకు చిన్న పచ్చి టమాటాలాంటి కాయ కాస్తుంది. అందులో ఏ గింజ నాటినా తల్లిని పోలిన మొక్క రాదు. ఒక్కో కణంలో నాలుగు వరుసల క్రోమోజోములు, మొత్తం 48, ప్రతిసారీ కొత్తగా కలిసిపోతాయి. అలాంటి వేల మొక్కల్లోంచి ఒకదాన్ని ఏరాలి. శాతం చూసి ఏరితే మోసపోతాం. నీటిపాలు తగ్గిన దుంపలో అది దానంతటదే పెరుగుతుంది, యూరియా ఎక్కువ వేసినా పెరుగుతుంది. ఎకరాకు 10 టన్నులు పండి రెండు శాతం ఉంటే మాంసకృత్తులు 200 కిలోలు. 2.6 శాతమున్న కొత్త రకం ఏడు టన్నులే పండితే 182 కిలోలు. శాతం పెరిగింది, రైతుకీ తినేవాడికీ తగ్గింది.

ఢిల్లీలో ఆశిష్ దత్తా బృందం తోటకూర జాతికే చెందిన రాజగిర గింజలోని ఒక జన్యువును ఏడు బంగాళాదుంప రకాల్లో చేర్చి, 2010లో ఫలితాలు ప్రకటించింది. మాంసకృత్తులు 60 శాతం దాకా పెరిగాయి. దిగుబడి తగ్గలేదన్నదే అందులో నాకు విలువైన మాట. ఆ దుంప ఇంకా మన పొలాలకు రాలేదు. జన్యుమార్పిడి కాబట్టి భయపడాలనేవారి జాగ్రత్తను నేను కొట్టిపారేయను; అయితే సంకరంతో పుట్టిందంతా క్షేమమనీ అనుకోలేను. అమెరికాలో అడవి జాతితో మామూలుగా సంకరం చేసి 1967లో విడుదల చేసిన లెనాపే రకంలో సోలనిన్ లాంటి విషపదార్థాలు హెచ్చుగా తేలి, 1970లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. కాబట్టి ఏ దారిన పుట్టిన రకమైనా, విడుదల పత్రంలో శాతం పక్కనే ఎకరాకు ఎన్ని కిలోల మాంసకృత్తులో, వంద గ్రాముల దుంపలో ఆ విషం ఎంతో కూడా అచ్చు వేయమని అడుగుతున్నాను.