అత్తగారిని బయటికి పంపాక

"పిల్లల కోసం ప్లాన్ చేసుకుంటున్నాం మేడమ్" అని వచ్చే అమ్మాయికి ఫోలిక్ యాసిడ్ రాయడం అర నిమిషం పని. ఆ తర్వాత నేనడిగే ప్రశ్నకే టైం పడుతుంది: "మోషన్ ఫ్రీగా అవుతోందా అమ్మా?" పక్కన అత్తగారుంటే వచ్చే జవాబు ఒక్కటే, "బానే అవుతోందండీ". అందుకే బీపీ చూపించుకోమని ఆవిడను నర్సు దగ్గరికి పంపేస్తాను. ఆ వయసులో ఆవిడ బీపీ కూడా చూడాల్సిందేలెండి.

మొన్నొక టీచరమ్మ వచ్చింది. హిమోగ్లోబిన్ 9. పీరియడ్స్ మామూలే, తిండీ మామూలే. గది ఖాళీ అయ్యాక గొంతు తగ్గించి చెప్పింది, చాలా నెలలుగా మోషన్‌లో రక్తం పడుతోందని. వేడి చేసిందనుకుని సబ్జా నీళ్లు తాగుతూ వచ్చిందట. బళ్లో బాత్రూం బాగోదు. పొద్దున వెళ్తే సాయంత్రం ఇంటికొచ్చేదాకా గుక్కెడు నీళ్లు తాగదు, మోషన్ వచ్చినా ఆపుకుంటుంది. నీళ్లసీసా తీసుకెళ్లమన్నాను. "మరి బాత్రూం?" అంది. దానికి మందు నా దగ్గర లేదు.

ఇలా రక్తం పడేవాళ్లలో తరచూ కనబడేవి మొలలు. గర్భం వచ్చాక అవి మరింత ఇబ్బంది పెడతాయి. ప్రొజెస్టిరాన్ వల్ల పేగుల కదలిక మందగిస్తుంది. పెరిగే గర్భసంచి కింది రక్తనాళాలను నొక్కుతుంది. పైగా రక్తం పట్టాలని మేమిచ్చే 60 మిల్లీగ్రాముల ఐరన్ మాత్రతో చాలామందికి మలబద్ధకం వస్తుంది. రక్తం ఎక్కడ పోతోందో చూడకుండా ఆ మాత్ర ఒక్కటే రాస్తే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే.

రక్తం పడితే మొలలేనని ఎవరికి వారే తేల్చుకోకూడదు. ఫిషర్ (మలద్వారం దగ్గర చీలిక) కావచ్చు, ఇంకేమైనా కావచ్చు, సర్జన్ చూడాలి. చిన్న మొలలైతే నీళ్లు, ఆకుకూరలు, జొన్నరొట్టె, పెద్ద గ్లాసు నీళ్లతో ఇసబ్‌గోల్, కమోడ్ ముందు కాళ్లకింద చిన్న స్టూలు చాలావరకు దారికి తెస్తాయి. ఫోన్ మాత్రం బాత్రూం బయటే ఉండాలి. బయటికి జారేవైతే రబ్బర్ బ్యాండ్ వేయించుకోవాలా, ఆపరేషనా అన్నది గర్భానికి ముందే తేల్చుకోవడం నయం. కడుపుతో ఉన్నప్పుడు తప్పనిసరైతే తప్ప సర్జన్లు కత్తి పట్టరు. ఇక, "కోత లేకుండా ఒక్క రోజులో నయం" అని గోడల మీద రాసుకునేవాళ్ల దగ్గర ఇంజెక్షన్ పొడిపించుకుని, పుండుతో వచ్చినవాళ్లను చూశాను. ఆ గోడలు కనబడితే నాకు ఒళ్లు మండుతుంది.

"మొలలుంటే సిజేరియనే అంటారు కదా మేడమ్?" అని లేవబోతూ అడిగింది టీచరమ్మ. మొలలున్నంత మాత్రాన కోత అక్కర్లేదని చెప్పాను. కాన్పులో ముక్కేటప్పుడు కాస్త ఉబ్బినా, చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతాయి. ముందు సర్జన్‌కి చూపించుకుని, హిమోగ్లోబిన్ 12 దాటాక ప్లాన్ చేసుకోమన్నాను. అత్తగారికి ఏం చెప్పాలంది. రక్తం తక్కువుందని చెప్పమన్నాను. అది నిజమే కదా.