బండి ఖరాబైందా సార్?

జోగిపేటలో పొద్దున ఐదున్నరకు బూట్లేసుకుని, చేతులూపుకుంటూ నడిచే మనిషికి మర్యాద ఉంది. అదే మనిషి పదకొండు గంటలకు సంచీ పట్టుకుని బ్యాంకుకో మార్కెట్‌కో నడిచిపోతే మాత్రం ఊరు ఓర్వదు. "బండి ఖరాబైందా సార్?" అని ఒకరు, "పెట్రోల్ అయిపోయిందా?" అని ఇంకొకరు. మూడో ఆయన ఏమీ అడగడు. బండి పక్కకు ఆపి, "కూసోండ్రి, దింపుత" అంటాడు. నడవడానికి టైము లేదని అందరం అంటాం గానీ, ఇంత ఊళ్ళో అసలు అడ్డం టైము కాదు, ఈ ప్రేమే.

మున్సిపాలిటీ పేరులో అందోలు, జోగిపేట రెండూ ఉన్నా, ఒకదాన్నుంచి ఇంకోదానికి నడిచే పోవచ్చు. బస్టాండు, జోగినాథుని గుడి, బడి, కూరగాయలు, మందుల దుకాణం, అన్నీ కాలికి అందేవే. అయినా కొత్తిమీర కట్ట కోసం కూడా కిక్కు కొడతాం. పొద్దున గ్రౌండులో ముప్పావుగంట తిరిగి, మిగతా రోజంతా ఆ పుణ్యం మీద కూర్చుంటాం.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత లండన్‌లో జెర్రీ మారిస్ అనే డాక్టరు బస్సు సిబ్బంది గుండెల లెక్క తీశాడు. డ్రైవరు, కండక్టరు ఎక్కేది ఒకే డబుల్ డెక్కర్. ఒకాయన డ్యూటీ అంతా కూర్చునే ఉంటాడు, ఇంకొకాయన టికెట్లు కొడుతూ రోజుకు ఐదారు వందల మెట్లెక్కుతాడు. 1953లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ లెక్కలో కండక్టర్లకు గుండెజబ్బు తక్కువ తేలింది. వచ్చినా లేటుగా, అంత తీవ్రం కాకుండా వచ్చింది. మారిస్ మీద నాకు గౌరవం పెరిగింది ఆ తర్వాతి పనికి. డ్రైవర్లు మొదట్నుంచే లావేమో అన్న అనుమానంతో, 1956లో వాళ్ళ యూనిఫాం ప్యాంట్ల నడుము కొలతలు బయటికి తీశాడు. అనుమానం నిజమే, డ్రైవర్ల ప్యాంట్లు పెద్దవే. కానీ ఒకే నడుము కొలత ఉన్నవాళ్ళను పక్కపక్కన పెట్టి చూసినా కండక్టర్ల గుండెలే గట్టిగా నిలిచాయి. మారిస్ 2009లో, 99 ఏళ్ళ వయసులో పోయాడు.

మన సంగారెడ్డి బస్సుకు మేడ లేదు. అయితే 2023 డిసెంబరులో ఆడవాళ్ళకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైనప్పటి నుంచి, కిక్కిరిసిన పల్లెవెలుగులో ప్రతి ఆడమనిషికీ జీరో టికెట్ కొట్టడానికి కండక్టరు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి తోసుకుంటూ తిరుగుతూనే ఉన్నాడు. మారిస్ ఉంటే ఆయన వెంట పడేవాడు.

గుండె సంగతి అది, ఇక షుగర్ సంగతి. 2023లో వచ్చిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే ప్రకారం దేశంలో పది కోట్ల మందికి పైగా షుగర్ ఉంది. తిన్న తర్వాత రక్తంలో చక్కెర పెరిగే వేళకే నడిస్తే, పని చేస్తున్న కండరాలు దాన్ని లాక్కుంటాయి. అరవై దాటినవాళ్ళతో అమెరికాలో చేసిన ఒక అధ్యయనం 2013లో అచ్చయింది. పొద్దున ఒకేసారి ముప్పావుగంట నడవడం, మూడు పూటలా తిన్నాక పావుగంట చొప్పున నడవడం, రెండూ రోజు మొత్తం మీద చక్కెరను దించాయి. రాత్రి భోజనం తర్వాతి పెరుగుదలను మాత్రం తిన్నాక నడిచిందే బాగా అణచింది. పదిమందితో చేసిన చిన్న అధ్యయనమే గానీ, అన్నం తినే ఊరికి ఇంతకంటే పనికొచ్చే కబురు ఉండదు. పదివేల అడుగుల లెక్క పెట్టుకోకండి. అది 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే పరికరం అమ్మడానికి పెట్టిన పేరులోంచి వచ్చింది.

ఈ మాటలన్నీ కూర్చుని చేసే ఉద్యోగాలవాళ్ళకే. పత్తి ఏరే ఆమెకు, బస్తాలు మోసే హమాలీకి నడవమని చెప్పేవాడికి బుద్ధి లేనట్టే. పాశమైలారం, పటాన్‌చెరు కంపెనీల్లో మెషీన్ ముందు నిలబడే పిల్లల సంగతి వేరు. నిలబడ్డ కాళ్ళల్లో రక్తం కిందికి దిగి ఆగుతుంది. అడుగేస్తేనే పిక్క బిగిసి పైకి తోస్తుంది. షిఫ్టు దిగాక పది నిమిషాల నడక వాళ్ళ కాళ్ళకు హాయి. కానీ కంపెనీ బస్సు ఆగే చోట కూడా బండి పెట్టుకునే ఉంటారు. రాత్రి తిన్నాక నడుద్దామంటే ఆడవాళ్ళకు కుక్కల భయం, గల్లీలో లైట్లు ఉండవు. ఇద్దరు ముగ్గురు కలిసి గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు తిరుగుతున్నారు. అదే మంచిది. హైవే మీదికి మాత్రం ఎవరూ పోవద్దు, చీకట్లో అసలే వద్దు.

ఇక లిఫ్టు వద్దనడం. "పని పక్కనే ఉంది" అంటే "అక్కడికే దింపుత" అంటారు. "వాకింగ్ చేస్తున్నా" అంటే నవ్వుతారు, సంచీతో వాకింగేంటని. చివరికి "డాక్టర్ నడవమన్నడు, షుగర్ బార్డర్ల ఉంది" అని ఒక అబద్ధం ఆడాను. మంత్రంలా పనిచేసింది. బండి ఆపినాయన ముఖం మారిపోయి, "నడువుండ్రి సార్, నడువుండ్రి" అని సాగనంపాడు. ఆ తర్వాత ఒకాయన మెంతులు నానబెట్టుకోమన్నాడు. కూరగాయలామె రెండు కాకరకాయలు కొసరేసింది. హోటల్లో అడగకుండానే చక్కెర లేని చాయ్ పెడుతున్నారు. నాకు చక్కెర చాయ్ కావాలని ఇప్పుడు చెప్పేదెట్లా?