పాత ఛాయాపటములు – చూపరుల పలుకులు

కావ్యమునకు విమర్శ కలదు, నాటకమునకు కలదు, పాటకచ్చేరికిని కలదు. ఛాయాపటమును చూచి జనులు పలుకు పలుకులను విమర్శించినవారు మాత్రము అరుదు. మన సంఘముల ఉత్సవములలో గోడ పొడవునను పటములు వ్రేలాడదీయుట పరిపాటియైనది. ఒకవంక నటులు, గాయకులు, దేశభక్తులు. వేరొకవంక సభ్యుల యిండ్లనుండి తెచ్చిన తాతముత్తాతలు. మేము ఆ పటములను చూచుటకంటె వాని ముందు నిలిచినవారి మాటలు వినుటయందే యెక్కువ కాలము గడపితిమి.

బళ్లారి రాఘవగారి పటముతో మొదలిడుదము. 1880లో తాడిపత్రిలో జన్మించి, బళ్లారిలో న్యాయవాదిగా నుండి, 1946లో కీర్తిశేషులైన ఆ మహానటుని రంగముపై చూచినవారు నేడు దాదాపు లేరు. “మా తాతగారు చూశారట” అనుటయే చూపరులకు గొప్ప. అది మంచి మాటయే. 1953 అక్టోబరులో బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరిన పిమ్మట ఇచ్చటి తెలుగువారికి ఆ పేరు ఒక ఊతకఱ్ఱ వంటిది. కాని తరువాతి మాట యేమి? “కిరీటము చూడండి, మీసము చూడండి.” రాఘవగారి కీర్తి కిరీటము వలన వచ్చినది కాదు, పాత్రకు లోబడిన పలుకు వలనను, సహజమైన అభినయము వలనను వచ్చినది. పటమున పలుకు లేదు. లేదని యెఱిగి చూచుట వేఱు, ఎఱుగక మీసముతో తృప్తిపడుట వేఱు.

సావిత్రి పటముల యెదుట జరుగునది మఱియొకటి. 1957 నాటి ‘మాయాబజార్’లోని శశిరేఖ ముందు అందఱును నవ్వుముఖములతో నిలుతురు. కడపటి సంవత్సరముల పటము వచ్చుసరికి “అయ్యో!” అని మొదలై కర్మ, కాలము, పతనము అను నుపన్యాసము సాగును. 2018లో ‘మహానటి’ వచ్చిన తరువాత ఈ ఉపన్యాసము బాలురకును కంఠస్థమైనది. 1981 డిసెంబరు 26న మరణించిన ఆమె ముఖమును ఆ సమయమున ఎవరును చూచుట లేదు. తమకు తెలిసిన కథను తాము చెప్పుకొనుచున్నారు. ఇది దయవలె కనుపించునే కాని దయ కాదని మా అభిప్రాయము.

ఇక ఇంటివారి పటములు. ఇచ్చట ఒక వింత కలదు. ప్రసిద్ధులను మనము యౌవనమున నిలిపి యుంచుదుము, ఇంటివారిని వార్ధక్యమున. గోడపై పూలదండ వేసిన అవ్వ పటము సాధారణముగ ఆమె చివరి పటము. ఏదో గుంపుపటమునుండియో, గుర్తింపుకార్డునుండియో తీసి పెద్దది చేయించినది. ఆమె పదునెనిమిదేండ్ల పటము పెట్టెలో పట్టుచీరల క్రింద నుండును. అది బయటికి వచ్చిన దినమున మనుమలు, “ఈమె అవ్వయా?” అని నవ్వుదురు. పిదప నొకరు, “అచ్చం సావిత్రిలా ఉన్నది!” అందురు. అందఱును సంతోషింతురు.

మేము సంతోషింపజాలము. ఆ యవ్వ యెవరివలెనో యుండుట చేత చూడదగినదైనదా? ఆమె గడ్డము, ఆమె కనుబొమల నడిమి మడత, ఆ మాట యన్న పిల్ల ముఖముననే కలవు. దానిని ఒక్కరును పోల్చుకొనరు. పోల్చుకొనునది నగలను: “ఆ కాసులపేరు ఎవరికి పోయినది?” అని చిన్నకోడలు అడుగును, పెద్దకోడలు మాట మార్చును.

తాతగారి పటము చూచి “ఎంత కోపిష్ఠియో” అనువారును కలరు. తొలినాళ్లలో గాజుపలకపై బొమ్మ పడుటకు చాలసేపు కదలక కూర్చుండవలసి వచ్చెడిది. పెదవులపై నవ్వును అంతసేపు నిలుపుట కష్టము. యంత్రములు వేగము పొందిన తరువాతను ఆ బిగువు మర్యాదగా మిగిలిపోయెను. దానిని బట్టి గుణనిర్ణయము చేయరాదు.

రంగుల సంగతి కొంత చెప్పవలసియున్నది. ‘మాయాబజార్’ 2010లో రంగులు దిద్దుకొని మరల విడుదలయ్యెను. అది బాహాటముగ జరిగిన పని. నచ్చనివారు పాత ప్రతిని చూచుకొనవచ్చును. ఇప్పుడు పిల్లలు చేతిఫోనులోని యంత్రవిద్యచే అవ్వ పెండ్లిపటమునకును రంగులు వేయుచున్నారు. ఎఱుపును పచ్చయు నొకే బూడిదవన్నెగ కనుపింపగల పటమునుండి చీర రంగును యంత్రము ఊహించునే కాని యెఱుగదు. అది నీలమన్నచో నీలమే యింటి చరిత్రయగును. ఎఱిగిన పెద్దముత్తైదువను ప్రక్కగదిలోనికి పోయి అడిగినవారు లేరు.

ప్రసిద్ధుల పటమునకు పేరు వ్రాయనక్కఱలేదు, లోకమే వ్రాసియుంచును. మన యింటివారి పేరు పటము వెనుకనే యుండవలెను. ఉన్నను అది తెలుగులో నుండును. మదరాసులో తమిళము, బరంపురములో ఒడియా, షోలాపురములో మరాఠీ చదివిన మనుమలకు ఆ వ్రాత గీతలు మాత్రమే. ఇంట తెలుగు చక్కగ మాటలాడువారికిని ఇదే గతి. గుమాస్తాపని చేసినవారమగుట చేత నంబరు లేని ఫైలు గతి మేమెఱుగుదుము: దానిని ఎవరును చింపరు, ఎవరును తెరువరు, ఒక దినమున బీరువాతో కూడ పోవును. కన్నడము చదివిన పిల్లలు కొంత అదృష్టవంతులు. లిపులు దగ్గఱివి, క, త, శ వంటి అక్షరముల వద్ద తడబడియైనను సాగిపోగలరు.

బళ్లారిలో నొక యుత్సవమున అట్టి బాలు డొకడు ఒక యువతి పటమును త్రిప్పి, కూడబలుకుకొని చదివెను: “మా మేనత్త. పెండ్లికి ముందు. హోసపేట.” పేరు లేదు. ఎవరి మేనత్త? చుట్టును నిలిచినవారు ముఖమును పరిశీలించి, “పాతసినిమాల హీరోయిన్లా ఉన్నది” అని సాగిపోయిరి. ఎనుబదేండ్లు దాటిన యొక యమ్మ మాత్రము ముందువైపు చూడక వెనుకవైపును కంటికి దగ్గఱగ పెట్టుకొని, “ఈ దస్తూరి మా మామగారిది” అనెను. పిమ్మట పటమును త్రిప్పి, ఆ యువతి పేరు చెప్పి, ముందుపండ్లు ఎత్తుగా నుండుటచే ఆమె పటములలో నోరు మూసికొనెడిదనియు, ఇంట ఆమె నవ్వు వీధికి వినవచ్చెడిదనియు చెప్పెను. బాలుడు ఆ పేరును కన్నడ అక్షరములతో వ్రాయుటకు పెన్ను తీసెను. సిరా ఊరి ముఖముపైకి వచ్చునని చెప్పి మేము పెన్సిలు ఇచ్చితిమి.