నీటి లోపలి నాదమా!

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో తంబుర మీటగానే, గాయకుడు ఇంకా పెదవి విప్పకముందే, శ్రుతి గోడల దాకా వెళ్తుంది. గోడలను తాకి, గుండెల్లోకి తిరిగి వస్తుంది. కళ్లు మూసుకున్నా ఆ హాలు ఎంత విశాలమో చెవికి తెలిసిపోతుంది. అలా తెలియజేసేది నువ్వే తల్లీ! సోనార్ అన్న పేరుతో సముద్రంలోకి దిగిన నాదానివీ నువ్వే.

వెలుగు వెనుదిరిగిన చోట నీ వాకిలి తెరుచుకుంటుంది. 200 మీటర్ల లోతుకే సూర్యుడు సొమ్మసిల్లే నీళ్లలో, రేడియో తరంగం నాలుగడుగులకే ఉసూరుమనే ఉప్పులో, నువ్వు పుట్టింటి గడప తొక్కిన ఆడపిల్లవవుతావు. గాలిలో సెకనుకు 340 మీటర్లు నడిచేదానివి, కడలిలో 1500 మీటర్లు పరుగెత్తుతావు! 1826లో జెనీవా సరస్సులో నీళ్ల కింద గంట మోగిస్తే 13 కిలోమీటర్ల అవతల పడవలో విన్నారట. చిక్కడపల్లి వెంకన్న గుడి గంట విన్నప్పుడల్లా ఆ గంటే గుర్తొస్తుంది నాకు.

ఒక్క పిలుపు. ఆ తరువాత మౌనం. ఆ మౌనంలోనే నీ మహిమ. పోయిరావడానికి పట్టిన కాలంలో సగం తీసుకుని, నీ వేగంతో హెచ్చిస్తే లోతు. రాతిని తాకితే రాతి గరుకు తెస్తావు, బురదను తాకితే బురద మెత్తదనం తెస్తావు. చేప కడుపులోని గాలితిత్తిని తాకితే, ఆ పిడికెడు గాలి పలికిన బదులును విశాఖ మరబోటు మీది తెర దాకా మోసుకొస్తావు. ఆ విశాఖలోనే నిన్ను వరుణాస్త్రం అనే టార్పెడోకూ చెవిగా అమర్చారు. అక్కడ నీకు దణ్ణం పెడతాను, కాస్త దూరం నుంచే.

దగ్గరగా వచ్చి నీ పాదాలు తాకింది గోదావరి దగ్గర. 2019 సెప్టెంబర్ 15. పాపికొండలకు బయల్దేరిన బోటును కచ్చులూరు దగ్గర వరద గోదావరి మింగేసింది. ఎర్రటి నీళ్లు, సుడులు, చూపు చొరని చీకటి. ఒడ్డున పిలిచిన పేర్లకు బదులు లేదు. అప్పుడు నువ్వు దిగావు. అటూ ఇటూ పరుచుకుని నది అడుగును తడిమావు, జ్వరంతో ఉన్న బిడ్డ ఒళ్లు తల్లి తడిమినట్టు. నీకు బదులు పలకని చోట నీడ పడుతుంది. ఆ నీడలోంచే ఆకారం లేస్తుంది. 200 అడుగులు దాటిన లోతులో పడవ జాడ చూపించావు. అక్టోబర్ 22న కాకినాడ ధర్మాడి సత్యం బృందం లంగర్లతో, తాళ్లతో దాన్ని పైకి లాగింది. పోయినవాళ్లను నువ్వు తిరిగి తేలేదు. వెతికే కళ్లకు ఒక చోటు చూపించావు, అంతే. ఆ అంత కోసమే అమ్మా, నీకు మొక్కుతున్నాను.

కచేరీ ముగిసింది. అశోక్‌నగర్ నాలా వంతెన మీద ఆగాను. హుస్సేన్‌సాగర్ పొర్లునీరు నల్లగా కదులుతోంది, మూసీకి, కృష్ణకు, కడలికి. తంబుర ఇంకా చెవిలోనే ఉంది. వంగి, ఎవరికీ వినబడనంత మెల్లగా, షడ్జమం పట్టుకున్నాను.

దిగు తల్లీ. తడిమి రా.